పేపర్లోంచి వెళ్ళిపోయిన కుటుంబం

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక మా సంఘంలో పెద్దవాళ్ళందరికీ భోజనాలు పెట్టారు. కెనడాలో ఈ విన్నిపెగ్‌లో మా తెలుగు సంఘమంటే ఒకప్పుడు ఎవరిదో చర్చి కింద బేస్‌మెంట్లో నాలుగు కుటుంబాలం స్వెటర్లు విప్పకుండా కూర్చుని పాటలు పాడుకునేవాళ్ళం. ఇప్పుడు సొంత హాలు, సొంత వంటిల్లు, మైకు, గోడమీద తెర అన్నీ వచ్చాయి. ఆ మైకు పుచ్చుకుని మా సంఘ పెద్ద, నేను మొదటినుంచీ అన్నయ్యగారు అని పిలిచే ఆయన, ఎనభై దాటిన మనిషి, నాలుగు మాటలు మాట్లాడారు. ఊళ్ళో పేపరు ఇకమీదట బొమ్మల పేజీ, అదే కామిక్స్ పేజీ, వెయ్యదని కబురట, అది చదివితే ఆయనకి పాత రోజులు గుర్తొచ్చాయట. ఆ పేజీలో అప్పట్లో ఒక ఆఫ్రికన్ అమెరికన్ కుటుంబం కథ వచ్చేదని, మన సంఘమంతా దాన్ని ప్రాణంగా చదివేదని, దాన్ని తీసేసినప్పుడు మనవాళ్ళెంత బాధపడ్డారో చెప్పలేనని అంటూ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. కుర్రకారంతా చప్పట్లు కొట్టారు. ఆ రోజుల్లోనే అంత విశాలంగా ఉండేవాళ్ళా అంకుల్ అని ఒక పిల్ల ముచ్చటపడి ఫోన్లో వీడియో కూడా తీసుకుంది. నేను వంకాయ కూర వడ్డించుకున్న పళ్ళెం అలాగే బల్లమీద పెట్టేశాను.

వయసుతోపాటు కోపం తగ్గుతుందని మన తరంవాళ్ళకి ఎవరు చెప్పారో గాని, వాళ్ళు కనిపిస్తే నాలుగు అడగాలని ఉంది. నాకు తగ్గలేదు. ఆ కుటుంబం కథని మా సంఘమంతా ప్రాణంగా చదవలేదు. మా ఇంట్లో చదివాం. చదివినదాన్ని నేను, విన్నది మా అత్తగారు. అది తీసేసినప్పుడు బాధపడిందీ మేమే. మిగతా వాళ్ళు నవ్వారు.

మా మావయ్యగారు పోయిన తరవాత మావారు పట్టుబట్టి అత్తగారిని ఇక్కడికి తీసుకొచ్చారు. ఆవిడ మిషను బళ్ళో పంతులుగారి భార్య. తెలుగు బైబిలు ఎక్కడ తెరిచినా తడుముకోకుండా చదివేవారు, ఇంగ్లీషు మాత్రం ఒక్క అక్షరం రాదు. మావయ్యగారికి బదిలీలు తక్కువే గాని ఇళ్ళు మారడం ఎక్కువట. టౌన్లో ఒక వాటా అద్దెకి తీసుకుని, పొయ్యి అలికి, అరలు సర్దుకుని, ఇక స్థిరపడ్డామనుకునేసరికి వీళ్ళు ఏ పేటవాళ్ళో, ఏ చర్చికి వెళ్తారో పక్కవాళ్ళకి తెలిసేది, ఎవరో ఏదో అనేవారు, ఆ నెల తిరక్కుండా సామాను బండెక్కేది. ఇదంతా ఆవిడ కోపంగా చెప్పేవారు కాదు. బియ్యంలో రాళ్ళేరుతూ మామూలుగా చెప్పేవారు. నాకు ఆశ్చర్యమల్లా ఏమిటంటే, బండి కదిలేముందు ఆవిడ చుట్టుపక్కల ప్రతి గుమ్మం ముందుకీ వెళ్ళి, ఆ మాట అన్న ఇంటికి కూడా వెళ్ళి, వెళ్ళొస్తామమ్మా అని చెప్పి వచ్చేవారట. చెప్పకుండా వెళ్తే దొంగల్లా ఉంటుందే అనేవారు. నేనైతే ఆ గుమ్మంలో మన్ను పోసి వచ్చేదాన్ని.

ఇక్కడి చలికాలం మీకు చెప్పక్కర్లేదు. నవంబరులో కిటికీ మూస్తే ఏప్రిల్లో తెరవడం. మావారు తెల్లారకుండానే కారుమీద మంచు గీక్కుని వెళ్ళిపోయేవారు, పిల్ల స్కూలుకి వెళ్ళేది, నాకు మధ్యాహ్నం షిఫ్టు. మన దేశంలో నర్సుగా పనిచేసిన నేను ఇక్కడ ముసలివాళ్ళ కేర్ హోమ్‌లో వాళ్ళకి స్నానాలు చేయించే పనిలో చేరాను, అదంతా ఇంకో పెద్ద కథ, ఇప్పుడు తవ్వితే ఉన్న కోపానికి తోడవుతుంది. పొద్దున ఆ నాలుగైదు గంటలు అత్తగారూ నేనే. ప్లాస్టిక్ సంచిలో చుట్టి మంచులో విసిరేసిన పేపరు నేను తెచ్చేదాన్ని, ఆవిడ మంకీ క్యాప్ పెట్టుకుని హీటరు పక్కన కాఫీ గ్లాసుతో కూర్చునేవారు. మొదట్లో వార్తలు చెప్పబోయాను. ఎవరి ఎన్నికలో, ఏ ఊరి హాకీ ఆటో ఆవిడకెందుకు? ఒకరోజు నేను పేజీలు తిప్పుతుంటే ఆవిడే వేలుపెట్టి ఆపారు.

ఆపిన చోట నాలుగు గళ్ళలో ఒక నాయనమ్మ సోఫాలో కూర్చుని ఉంది, ఆమె మోకాళ్ళ మధ్య నేలమీద మనవరాలు, పక్కన నూనె సీసా. పిల్ల తల అటూ ఇటూ తిప్పేస్తోంది, నాయనమ్మ దువ్వెనతో నెత్తిమీద ఒకటి తట్టింది. అంతే కథ. ముఖాలకి చుక్కలు చుక్కలుగా నలుపు పట్టించారు. అత్తగారు కళ్ళు చికిలించి చూసి, నవ్వి, ఎవరి పిల్లే ఇది, నీ కూతురికి మల్లే ఒక్కచోట కుదురుగా కూర్చోదు అన్నారు. ఆ రోజునుంచి మాకు అదొక కార్యక్రమం అయిపోయింది. ఆ ఇంట్లో తండ్రి బస్సు నడుపుతాడు, తల్లి ఆసుపత్రిలో పని, ఎదిగిన కొడుకొకడు ఫ్రిజ్ తలుపు పట్టుకుని వేలాడుతూ ఉంటాడు, నాయనమ్మకి అందరి సంగతీ కావాలి. ఆదివారం వచ్చిందంటే అందరూ ముస్తాబై చర్చికి వెళ్ళడం, ప్రసంగంలో తండ్రి కునికితే నాయనమ్మ విసనకర్రతో పొడవడం. నేను ఒక్కో గడీ తెలుగులో చెబుతుంటే, అత్తగారు మిగతా మూడు గళ్ళూ నేను చెప్పకముందే ఊహించేసేవారు.

కొన్నాళ్ళకి గాని నాకు అర్థం కాలేదు, ఆవిడ వాళ్ళని మన తెలుగువాళ్ళనుకుంటున్నారని. శనివారం రంగుల పేజీలో వాళ్ళ ఒళ్ళు చక్కగా మా రంగులోనే ఉండేది. చర్చికి వెళ్తున్నారు, తలకి నూనె రాసుకుంటున్నారు, ముసలావిడ ఇంట్లోనే ఉంది, చుట్టం వస్తే పిల్లల్ని మంచం దింపి కింద పడుకోబెడుతున్నారు, ఇంకెవరవుతారు? ఈ ఊళ్ళోనే ఎక్కడో ఉంటున్న మన సంఘం వాళ్ళెవరినో చూసి పేపరువాడు గీస్తున్నాడని ఆవిడ లెక్క. ఒకసారి వాళ్ళింట్లో నాయనమ్మకి జ్వరం వస్తే ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో అత్తగారు మా బంధువుల పేర్ల తరవాత ఆవిణ్ణి కూడా చేర్చారు. మావారు కళ్ళు తెరిచి నావైపు చూశారు, నేను కళ్ళు మూసుకున్నాను. ఎందుకు సరిదిద్దలేదంటారా? సరిదిద్దడానికి నాకు తప్పేమీ కనబడలేదు, ఈనాటికీ కనబడదు.

పైగా అప్పటికి నేను పనిచేసేచోట ఒక ముసలావిడ ఉండేది. నేను స్నానానికి తీసుకెళ్ళబోతే నా చేతులు చూసి, ఆ నల్ల చేతులు నామీద పెట్టొద్దు అని అరిచేది. ఆమెకి మతిమరుపు, పట్టించుకోకు అని పైవాళ్ళు చెప్పేవారు. అన్నీ మరిచిన మనిషికి అదొక్కటీ ఎలా గుర్తుందో వాళ్ళు చెప్పలేదు. అలాంటి రోజు గడిచాక తెల్లారి ఆ పేజీ తెరిస్తే, బస్సు నడిపే ఆ తండ్రి కూడా ఎవరిచేతో ఏదో మాట పడి ఇంటికొచ్చి బూట్లు విప్పుతూ ఉండేవాడు, భార్య ఏమీ అడక్కుండా పళ్ళెం ముందు పెట్టేది. అందులో నవ్వడానికేముంది అని మావారు అడిగారు ఒకసారి. నాకు నవ్వు అక్కర్లేదు అన్నాను.

మన ఇళ్ళల్లో అరలకి పాత పేపర్లు పరవడం మీకందరికీ అలవాటే. అంచు కిందికి మడిచి, కత్తెరతో పళ్ళు పళ్ళుగా కత్తిరించి, పండక్కి ముందు పాతవి తీసి కొత్తవి వెయ్యడం. ఇక్కడి వంటింటి కప్‌బోర్డులకి అవసరం లేదు అత్తయ్యా అంటే ఆవిడ వినేవారు కాదు. క్రిస్మస్ ముందు శనివారాల రంగుల పేజీలన్నీ పోగేసి, ఆ కుటుంబం సరిగ్గా అర అంచుకి వచ్చి బయటికి కనబడేలా మడిచి పరిచారు. కారం డబ్బా తీస్తే తండ్రి, పసుపు డబ్బా తీస్తే నాయనమ్మా మనవరాలూ. కప్‌బోర్డు తలుపు తీసినప్పుడల్లా వాళ్ళని పలకరించినట్టుండేది.

అలా రెండు చలికాలాలు గడిచి మూడోది మొదలయ్యాక ఒకరోజు పేపర్లో చిన్న ప్రకటన వేశారు. బొమ్మల పేజీ కుదిస్తున్నాం, కొన్ని తీసేస్తాం, మీకు ఏవి కావాలో ఫోన్ చేసి చెప్పండి అని. నేను ఆ ప్రకటన కత్తిరించి దాచుకున్నాను. నవ్వకండి, ఇంట్లో పొద్దస్తమానం గోడలు చూస్తూ కూర్చునే మనిషికి పలకరింపుగా ఉన్నది అదొక్కటే, అది పోతే నేను షిఫ్టుకి వెళ్తూ ఆవిణ్ణి ఎవరికి అప్పజెప్పను? ఆ ఆదివారం ఆరాధన అయి టీలు తాగుతుండగా నేను లేచి నిలబడి, అందరూ ఒక్క ఫోన్ చెయ్యండి, ఈ కథ ఉంచమని అడగండి, ఒక్క నిమిషం పని అని బతిమాలాను. మాటలు ఆ కుటుంబం గురించేనని గ్రహించి అత్తగారు కూడా లేచారు. ఎప్పుడూ నలుగురిలో నోరు విప్పని మనిషి, అన్నయ్యగారివైపు తిరిగి, వాళ్ళని కూడా ఒకసారి మన కూటానికి పిలవండయ్యా, క్రిస్మస్‌కి భోజనానికి పిలిస్తే బాగుంటాది అన్నారు.

ముందు అందరూ ఆయన ముఖంవైపు చూశారు. తరవాత అన్నయ్యగారు నవ్వారు. ఆయన నవ్వితే నవ్వొచ్చనుకున్నారేమో, అందరూ నవ్వారు. "అమ్మగారూ, బొమ్మల్ని భోజనానికెలా పిలుస్తామండీ? అదీగాక వాళ్ళు మనోళ్ళు కాదండి, అమెరికా నల్లోళ్ళు" అన్నారు ఆయన. టీ పొలమారి దగ్గినవాళ్ళు కూడా ఉన్నారు.

మా అత్తగారు కూర్చోలేదు. పైట సర్దుకుని నిలబడే అన్నారు, "నల్లోళ్ళయితే మనోళ్ళు కాకుండా పోతారా? ప్రార్థనకి పోతన్నారు, పిల్లకి నూనె రాసి జడేస్తన్నారు, ముసల్దాన్ని ఇంట్లో పెట్టుకుని చూసుకుంటన్నారు. ఇంకేం కావాలయ్యా మనోళ్ళవడానికి? బొమ్మలంటావా, ఎవర్నో ఒకర్ని చూడకుండా గీస్తారా?" అప్పుడు కూడా నవ్వారు గాని ఈసారి కొంచెం తక్కువగా నవ్వారు. నేను ఆవిణ్ణి చెయ్యిపట్టుకుని కూర్చోబెట్టాను.

అన్నయ్యగారు నావైపు తిరిగి ఓపికగా, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పారు. "చెల్లెమ్మా, ఇప్పుడిప్పుడే ఇక్కడ నాలుగు రాళ్ళు వెనకేసుకుని మర్యాదగా బతుకుతున్నాం. నల్లోళ్ళ బొమ్మల కోసం మనం ఫోన్లు చేస్తే మనల్నీ వాళ్ళతో కలిపేస్తారు. మనకెందుకమ్మా?" ఆయన మాటకంటే ఆ గొంతు నన్ను కాల్చింది. ఆ గొంతు నాకు పుట్టినప్పటినుంచీ తెలుసు. మా ఊళ్ళో కాలవకి అవతలివాళ్ళు ఇవతల ఉన్న మా పేట గురించి మాట్లాడేటప్పుడు పెట్టే గొంతు అది. ఆయనదీ అలాంటి పేటే, మాకు రెండూళ్ళ అవతల. కలిపేస్తారట! ఎప్పుడో కలిపేశారు మహానుభావా, రోజూ స్నానాల గదిలో నేను వింటున్నది మరేమిటి అని అడగాలనుకున్నాను. మావారు మోచేత్తో పొడిచారు, నేను ఊరుకున్నాను. ఆ వారమంతా మావారిమీద కూడా పళ్ళు నూరుతూనే ఉన్నాను.

ఎవరూ ఫోన్ చెయ్యలేదని నాకు తెలుసు, ఎందుకంటే తరవాత ఒక్కొక్కరినే అడిగాను. మర్చిపోయామని ఒకరు, లైను దొరకలేదని ఒకరు. నేను చేశాను. అవతల మాట్లాడినావిడ చాలా మర్యాదస్తురాలు. ఈ ప్రాంతపు పాఠకులు ఆ కుటుంబంతో తమని పోల్చుకోలేకపోతున్నారని చెప్పింది. నేనూ ఈ ప్రాంతపు పాఠకురాలినే, రోజూ పోల్చుకుంటున్నాను అన్నాను. యువర్ ఫీడ్‌బ్యాక్ ఈజ్ ఇంపార్టెంట్ అని పెట్టేసింది. మరి ఆ పేజీలో ఉంచినవేమిటో తెలుసా? మాట్లాడే పెంపుడు జంతువులు, గుహలో కాపురం చేసే మొగుడూపెళ్ళాలు. రాతి గొడ్డలి పట్టుకుని తిరిగేవాడితో ఈ ఊరివాళ్ళు తమని హాయిగా పోల్చుకోగలరు, బస్సు నడిపి పెళ్ళాం పిల్లల్ని పోషించేవాడితో మాత్రం కుదరదు. ఆ మాట తలుచుకుంటే ఈ వయసులో కూడా నా బీపీ పెరుగుతుంది.

ఒక సోమవారం పేజీ తెరిస్తే వాళ్ళున్న చోట పజిలు వేశారు. అత్తగారు కాఫీ గ్లాసు పట్టుకుని ఎదురుచూస్తున్నారు. ఏరీ, ఏమయ్యారు అన్నారు. తీసేశారని చెబితే ఎందుకు తీశారంటారు, ఎందుకో చెబితే ఆ బేస్‌మెంట్లో నవ్వులు మళ్ళీ ఆవిడ చెవిలో పడతాయి. అందుకని నోటికొచ్చింది చెప్పాను. వాళ్ళు ఎడ్మంటన్ వెళ్ళిపోయారు అత్తయ్యా, ఆయనకి అక్కడ మంచి ఉద్యోగం వచ్చింది అన్నాను. అప్పుడు మా ఎరికలో సగంమంది అలాగే ఎడ్మంటన్ వెళ్ళిపోతూ ఉండేవారు. ఆవిడ పేపరు తీసుకుని వెనక్కీ ముందుకీ తిప్పి చూసి, మడిచి పెట్టేశారు. ఆ తరవాత ఎప్పుడూ నన్ను పేపరు చదవమని అడగలేదు. బైబిలు ముందేసుకుని కూర్చునేవారు గాని పేజీ తిరిగేది కాదు. మరుసటి ఎండాకాలం మా ఆడపడుచు దగ్గరికి ఇండియా వెళ్ళిపోతానని పట్టుబట్టి వెళ్ళిపోయారు, అక్కడే పోయారు.

మొన్న ఆ భోజనాల దగ్గర ఉండబట్టలేక అన్నయ్యగారి పక్కన వెళ్ళి కూర్చుని, మా అత్తగారు గుర్తున్నారా అని అడిగాను. ఆయన ముఖం విప్పారింది. ఎందుకు గుర్తులేరమ్మా, ఆవిడకి ఆ బొమ్మలంటే ఎంత ఇష్టమని, మేమందరం చుట్టూ కూర్చుని ఆవిడకి చదివి వినిపించేవాళ్ళం కదా అన్నారు. నేను ఆయన కళ్ళల్లోకి చూశాను. అబద్ధం చెబుతున్న జాడ లేదు. ఆయన అలాగే జరిగిందని నమ్ముతున్నారు. మా అత్తగారిని కూడా తన కథలోకి చేర్చేసుకున్నారు, నవ్వినవాళ్ళంతా చుట్టూ కూర్చుని చదివినవాళ్ళయిపోయారు. తిట్టినవాడితో దెబ్బలాడొచ్చు, ఇలాంటి మనిషితో ఏం చేస్తాం? ఆయన చెయ్యి నా తలమీద పెట్టి దీవించారు, నేను లేచి వచ్చేశాను.

మా అమ్మాయితో ఫోన్లో చెబితే, "మామ్, పీపుల్ చేంజ్, లెట్ ఇట్ గో" అంది. మారితే నాకు సంతోషం కాదూ? రోజులు మారాయి, నిజమే. అప్పుడు నోటికి తేలిగ్గా వచ్చిన మాట ఇప్పుడు మా హాల్లో ఎవరూ అనరు, అంటే పిల్లలే ఊరుకోరు, అది చూసి నా కడుపు నిండుతుంది. ఆ రోజు అలా అన్నాను, తప్పు చేశాను అని ఆయన మైకులో ఒక్క ముక్క అని ఉంటే నేనే లేచి వెళ్ళి ఆయనకి వడ్డించేదాన్ని. మొదటినుంచీ ఇలాగే ఉన్నాం అంటేనే నా ఒళ్ళు మండేది. మన తరం పాత రోజులు తలుచుకుని కళ్ళు తుడుచుకున్నప్పుడల్లా, అందులో ఎవరెవరి నోరు నొక్కేసి ఆ రోజుల్ని అంత తియ్యగా చేసుకున్నామో అని నాకిప్పుడు అనుమానం వస్తోంది.

ఇంటికొచ్చి వంటింటి కప్‌బోర్డు తీశాను. ఆవిడ పరిచిన కాగితాలు నేను మార్చలేదు. అంచులు చిరిగాయి, రంగులు వెలిసి అందరూ ఒకే గోధుమ రంగులో ఉన్నారు, నాయనమ్మ ముఖంమీద పసుపు మరక. మనవరాలు ఇంకా తల అటూ ఇటూ తిప్పుతూనే ఉంది. వాళ్ళు ఎడ్మంటన్ వెళ్ళారని నేను చెప్పిన ఆ సోమవారం మా అత్తగారు పేపరు మడిచి పెట్టి, కాఫీ ముట్టకుండా కిటికీకేసి తిరిగారు. తరవాత నావైపు తిరక్కుండానే, చాలా మామూలుగా అన్నారు.

"చెప్పాపెట్టకుండా పోయే మనుషులు కాదే వాళ్ళు. ఎవరో ఏదో అనుంటారు."